రేవు దగ్గర కూర్చునే చోటు

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, నాతో కలిసి పనిచేసి నాకన్నా ముందే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయ మిత్రులకు, సాయంత్రం ఇక్కడికి వచ్చి పేపరు చదవనిదే ఇంటికి వెళ్లని నిత్య పాఠకులకు, ముందు వరుసలో బుద్ధిగా కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు, వాళ్లను వెంటబెట్టుకొని వచ్చిన తల్లులకు నా నమస్కారాలు. మన ప్రాంతంలో ఏ సభలోనైనా మాట్లాడే ముందు వేదిక మీదివారిని పేరుపేరునా తలచుకోవడం ఆనవాయితీ. అలా తలచుకుంటే దీపాలు పెట్టే వేళవుతుందని అధ్యక్షులు ముందే చెప్పారు కనుక, తమ పేరు వినబడని వారెవరూ అన్యథా భావించవద్దని మనవి చేస్తున్నాను.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాలలో ఒక సాయంత్రాన్ని ప్రయాణాలకు కేటాయించి, నన్ను యాత్రానుభవాల గురించి మాట్లాడమన్నారు. కాశీ, బదరీనాథ్ వెళ్లి వచ్చినవారు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చినవారూ ఉన్నారు. వాళ్లు చూసినన్ని ఊళ్లు నేను చూడలేదు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గోదావరి పాయ గౌతమికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు తిరగడంలోనే గడిచింది. కానీ ఆ తిరుగుళ్లలో నాకు ఒక విషయం బాగా తెలిసివచ్చింది. ప్రయాణంలో మనం దాటుకుంటూ పోయే దూరానికి ఇచ్చే విలువలో పదోవంతు కూడా, మధ్యలో ఆగి కూర్చునే చోటుకు ఇవ్వడం లేదు. ఈ సాయంత్రం ఆ కూర్చునే చోటు గురించే మాట్లాడతాను. అది మాట్లాడడానికే వచ్చాను.

డెల్టాలో పుట్టినవారికి ప్రయాణమంటే నీరు దాటడమే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య ఉన్న నేలే కోనసీమ. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు ఈ నేలంతా అల్లుకున్నాయి. మనం మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆ కాలువలు పొలాలు తడపడానికి మాత్రమే తవ్వినవి కావు, పడవలు నడవడానికి కూడా తవ్వినవి. అందుకే వాటికి లాకులు, అంటే నీటిమట్టం మారే చోట పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు, కట్టారు. ఇప్పుడు లాకులంటే బస్సు ఆగే స్థలం పేరుగానే పిల్లలకు తెలుసు. ఒకప్పుడు అక్కడ పడవ ఆగేది.

మా అమ్మమ్మ ధవళేశ్వరం నుంచి కాకినాడకు పడవ మీద వెళ్లిన ప్రయాణం గురించి చాలాసార్లు చెప్పేది. రాత్రంతా ప్రయాణం. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజానికి వేసుకొని పడవను లాగేవారు. ఆవిడ చెప్పే కథలో కాకినాడ ఎప్పుడూ ఒక్క వాక్యంలో అయిపోయేది. లాకుల దగ్గర పడవ ఆగిన ఘట్టం మాత్రం అరగంట సాగేది. పడవ లాకు లోపలికి రాగానే వెనుక తలుపులు మూసేవారు. చిన్న తూముల గుండా నీరు వదులుతుంటే పడవ, పడవతో పాటు అందులోని మనుషులు, మెల్లగా కిందికి దిగిపోయేవారు. ఇందాక కళ్లకు ఎదురుగా ఉన్న గట్టు చూస్తూండగానే తలల మీదికి వెళ్లిపోయేది. నాచు పట్టిన రాతిగోడ మీద అప్పటిదాకా నీరు నిలిచిన గుర్తు తడిగా మెరుస్తూ కనిపించేది. పడవలు వరుసగా ఉంటే మన వంతు వచ్చేసరికి చాలా సేపు పట్టేది. ఆ వ్యవధిలో ఆడవాళ్లు గట్టెక్కి మూడు రాళ్లు పెట్టి అన్నం వార్చేవారు. ఎవరి దగ్గర ఉప్పు లేకపోతే ఎవరిని అడగాలో, ఎవరి పిల్లకు జ్వరంగా ఉందో, ఎవరు పుట్టింటికి ఏ బాధతో వెళ్తున్నారో అక్కడే తెలిసేది. అలా కలిసిన ఒకావిడ పెద్దాపురం సంబంధం చెబితేనే మా పెద్ద పిన్ని పెళ్లి కుదిరింది.

గ్రంథాలయ సభలో ఉన్నాం కనుక ఇంకొక పడవ సంగతి చెప్పకుండా ఉండలేను. 1935లో పాతూరి నాగభూషణం గారు, గుంటూరు జిల్లా పెదపాలెం కేంద్రంగా, కాలువ పడవలలో వెళ్లే ప్రయాణికుల కోసం పడవ గ్రంథాలయం నడిపారు. అది మన గోదావరి డెల్టా కాదు, కృష్ణా డెల్టా. అయినా కాలువ కాలువే, ప్రయాణికుడు ప్రయాణికుడే. పడవలో కూర్చున్న మనిషికి తీరిక ఉంటుందని, ఆ తీరికలో అతని చేతికి పుస్తకం ఇస్తే చదువుతాడని గుర్తించిన ఆ చూపును గమనించమని కోరుతున్నాను. గ్రంథాలయోద్యమానికి పితామహుడైన అయ్యంకి వెంకట రమణయ్య గారు పుట్టింది మన కొంకుదురులోనే, 1890లో. అటువంటి నేల మీద ప్రయాణికుడు వేచి ఉండే చోటును ఎలా చూడాలో మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

కాలువ పడవలు పోయాయి. రోడ్లు వచ్చాక వాటితో పని తగ్గిపోయింది. నది రేవులు మాత్రం మిగిలాయి. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి ఎన్ని తరాలు దాటాయో మీకు తెలుసు. కోటిపల్లి రేవు నాకు బడి లాంటిదే. అక్కడ నాకు జరిగిన అనుభవాలన్నింటిలో ఒక్కటి ఈ సభలో తప్పకుండా చెప్పాలి. నాతో పనిచేసినవారు దీన్ని చాలాసార్లు విని ఉంటారు. వాళ్లు మరోసారి వినాలి, పిల్లలు మొదటిసారి వినాలి.

మాఘమాసం. గౌతమి మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే అవతలి ఒడ్డు కాదు గదా, పంటు రెండో కొస కూడా కనబడడం లేదు. పంటు అంటే చూడని పిల్లల కోసం చెబుతున్నాను: రెండు పడవలను పక్కపక్కన చేర్చి, మీద బల్లలు పరిచి, చుట్టూ కమ్మీలు కడతారు, మనుషులతో పాటు మోటారు సైకిళ్లు, కార్లు, పశువులు కూడా దానిమీదే దాటతాయి, ఇంజను పడవ దాన్ని నడుపుతుంది. మంచు వల్ల ఆ రోజు పంటు ఎంతకీ కదలలేదు. ముక్తేశ్వరం ఒడ్డున పాక కింద బెంచీల మీద మేమందరం చాలా సేపు కూర్చున్నాం. కోర్టు వాయిదాకు వెళ్తున్న ఒక ముసలాయన కాగితాల సంచిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. తేగల కట్టలు అమ్మకానికి తీసుకెళ్తున్న ఒకతను ఉన్నాడు. ఉద్యోగం కోసం కాకినాడ వెళ్తున్న ఒక కుర్రవాడు ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడే ఉన్నాడు. ఒక నడివయసు స్త్రీ గేదెను, దూడను తోలుకొని వచ్చింది. వెంట ఆవిడ కొడుకు, పదేళ్లవాడు ఉన్నాడు. గేదెను ఎక్కడ కొన్నదో, ఎంతకు కొన్నదో, పూటకు ఎన్ని సేర్లు ఇస్తుందని అమ్మినవాళ్లు చెప్పారో ముసలాయన అడిగి తెలుసుకున్నాడు. దాని పొదుగు చూసి, నుదుటి సుడి చూసి, మంచి బేరమే చేశావని అన్నాడు. ఆ మాటకు ఆవిడ ముఖం వెలిగింది. మా సంగతులు కూడా ఆయన వదలలేదు. ఇస్త్రీ చొక్కా కుర్రవాడిది ఏ ఊరో, వాళ్ల నాన్న ఎవరో కూడా అడిగాడు.

మంచు కాస్త విడిచింది. గేదెను ఎక్కించారు. దూడను బల్ల మీద నడిపించబోతుంటే అది ఇంజను చప్పుడుకు బెదిరి, తాడు విడిపించుకొని ఇసుకలోకి పరుగెత్తింది. పిల్లవాడు దాని వెంట పరుగెత్తాడు. దూడ ఎక్కిందనుకొని పంటు మీద పనిచేసే కళాసీ తాడు విప్పేశాడు, పంటు నడిపే సరంగు దాన్ని పోనిచ్చాడు. మేము సంగతి గ్రహించేసరికి ఒడ్డుకు మాకు మధ్య చాలా నీరు వచ్చేసింది. గేదె మెడ చాచి అరవడం మొదలుపెట్టింది. మంచులోంచి దూడ అరుపు సన్నగా వినబడుతోంది. ఆ తల్లి పలుపు రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. వెనక్కి తిప్పమని ఆవిడ అడగలేదు. ఇంతమంది పనులు తన కోసం చెడగొట్టమని అడగడానికి ఆవిడకు నోరు రాలేదు. కళ్లు మాత్రం ఒడ్డు మీదే ఉన్నాయి.

మొదట మాట్లాడినవాడు వాయిదా ముసలాయన. "తిప్పవయ్యా సరంగూ. దూడ లేనిదే గేదె చేపదు. ఇవాళ చేపకపోతే రేపటికి పాలు ఎగదన్నేస్తుంది. ఆ తల్లి కష్టపడి కొనుక్కుంది" అన్నాడు. సరంగు ఇంజను నెమ్మదించి, "తిప్పితే అద్దగంట పోద్దండి. అవతల బస్సు ఉండదు. అందరూ ఒప్పుకుంటేనే తిప్పుతానండి" అన్నాడు. సరంగు మాట న్యాయమైనది. తేగలతను సరేనన్నాడు. ఉపాధ్యాయులం ముగ్గురం ఉన్నాం. ఆలస్యమైతే హాజరు పట్టీలో ఎర్ర సిరా పడుతుందని తెలిసినా సరేనన్నాం. ఇస్త్రీ చొక్కా కుర్రవాడు మాత్రం మాట్లాడలేదు. బస్సు తప్పితే అతనికి ఉద్యోగమే తప్పిపోవచ్చు. అతన్ని ఎవరూ కసరలేదు. మోటారు సైకిలుతో వచ్చిన ఒకాయన, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడనివాడు, "తమ్ముడూ, నేను ద్రాక్షారామం మీదుగానే వెళ్తున్నాను. బస్సు కన్నా ముందు దింపుతాను" అన్నాడు. కుర్రవాడు తలూపాడు. పంటు తిరిగింది.

కళాసీ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి దూడను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. నాలుగు కాళ్లూ కిందికి వేలాడుతున్నాయి, చెవులు తడిసి మెడకు అంటుకున్నాయి, పక్కటెముకలు ఎగసి పడుతున్నాయి. బల్ల మీద దింపగానే అది తూలి, నిలదొక్కుకొని, నేరుగా తల్లి కిందికి దూరింది. గేదె అరుపు అక్కడితో ఆగింది. అది వెనక్కి తిరిగి దూడ వీపు నాకుతూ ఉంటే, దూడ మూతి చివర్ల నుంచి నురగ కారుతూ ఉంటే, పంటు మీద ఉన్న అందరం చుట్టూ నిలబడి చూస్తూ గౌతమిని దాటాం. కోటిపల్లి ఒడ్డున దిగేటప్పుడు ఆవిడ ముసలాయనతో, "నా మూలంగా మీ వాయిదా ఏమైపోద్దో బాబూ" అంది. "ఇరవయ్యేళ్ల నుంచి నడుస్తోందమ్మా. ఇంకో అద్దగంట అదీ ఆగుతుందిలే" అన్నాడు ఆయన.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆ ముసలాయన మంచితనాన్ని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ దయచేసి ఇంకొక సంగతి గమనించండి. ఆ రోజు మంచు లేక, పాక లేక, బెంచీలు లేక మేమందరం ఎవరి దారిన వాళ్లం వచ్చి పంటు ఎక్కి ఉంటే ఆయనకు ఆ గేదె సంగతి తెలిసేది కాదు. ఎంత కష్టపడి కొన్నదో తెలిసేది కాదు. ఆవిడ ఎవరో ఒకావిడ, ఆ కుర్రవాడు ఎవరో ఒకడు అయ్యేవారు. ఆ కాసేపు ఒక నీడన కూర్చోవడం వల్ల మేము ఒకరి కష్టసుఖాలు ఒకరికి తెలిసిన మనుషులమయ్యాం. సరంగు పంటును తిప్పింది నది మధ్యలోనే గాని, అందుకు కావలసిన సంగతంతా ఒడ్డున పాక కిందే జరిగింది. నేను ఈ సభకు వచ్చి చెప్పదలచుకున్నది ఇదే. వేచి ఉండే చోటు పోతే దానితో పాటు ఇంత పోతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. డొక్కా సీతమ్మ గారి గురించి మీకు నేను చెప్పవలసిన పని లేదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేవరకు వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా విస్తరి వేసిన ఇల్లాలు ఆవిడ. ఆ గన్నవరం ఎక్కడ ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి. వైనతేయ ఒడ్డున, దారిన పోయే బాటసారులు నది దాటడానికి ఆగే తావులో ఉంది. వరదలొచ్చినా, చీకటి పడినా ప్రయాణికులు అక్కడ చిక్కుబడిపోయేవారు. అన్నపూర్ణ అన్న పేరు ఆవిడకు వచ్చింది ఆ చిక్కుబడిన వాళ్ల వల్లనే. ఆవిడ గురించి మన ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. అంతర్వేది నరసింహస్వామిని ఒక్కసారైనా చూడాలని పల్లకీలో బయలుదేరిన ఆ తల్లికి, దారిలో పల్లకీ దించిన చోట ఎదురైన పెళ్లివారి మాటలు చెవిన పడ్డాయట. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్లు, "ఇంకొంచెం ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో భోజనం చేద్దాం" అని ఊరడిస్తున్నారట. ఆవిడ బోయీలతో పల్లకీ వెనక్కి తిప్పమని చెప్పి, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి వంట చేసి పెట్టిందట.

ఆ కథలో ఆవిడ ఆ మాటలు ఎలా విన్నదో ఆలోచించండి. దారిలో పల్లకీ దించారు కనుక విన్నది. ఎదుటివాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినబడేంత దగ్గరగా, వినడానికి తీరిక ఉండేంత సేపు ఆగింది కనుక విన్నది. ఇవాళ అద్దాలు బిగించిన కారులో మనం ఆ పెళ్లివారి పక్క నుంచే వెళ్లిపోతాం. మనలో దయ తగ్గిందని నేను అనను. వినబడే చోటు తగ్గింది.

గన్నవరం మాట వచ్చింది కనుక ఒక చిన్న ఆనందం మీతో పంచుకోవాలి. అమలాపురం వైపు నుంచి వెళ్తూ గన్నవరం అక్విడక్టు దగ్గర ఎప్పుడైనా దిగి నిలబడ్డారా? కాటన్ కాలంలో 49 కమానులతో కట్టిన పాత కట్టడం అక్కడ ఉంది. పక్కన కట్టిన కొత్తదానికి సీతమ్మ గారి పేరు పెట్టారు. కింద వైనతేయ సముద్రం వైపు పోతూ ఉంటుంది, పైన పంట కాలువ నదిని అడ్డంగా దాటి అవతలి లంకల పొలాలకు పోతూ ఉంటుంది. నది మీద కాలువ, రెండింటి చప్పుడూ వేరు. బస్సులో వెళ్లేవాడికి అది రెండు నిమిషాల వంతెన. దిగి నిలబడిన వాడికి పూర్వం పనివాళ్లు పేర్చిన ఇటుక వరుస కూడా కనబడుతుంది. అలాగే అంబాజీపేటలో తెల్లవారుజామున బస్సు మారేటప్పుడు పొట్టిక్కల కోసం ఆగినవారు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. నాలుగు పనసాకులను చీపురు పుల్లలతో కుట్టిన ఆ చిన్న బుట్టను విప్పుతుంటే ఆకు ఈనెల గీతలు ఇడ్లీ మీద అచ్చుపడి ఉంటాయి. ఆవిరితో పాటు పచ్చి పనసాకు వాసన వస్తుంది. అది తింటూ పక్కవాడితో మాట్లాడకుండా ఉన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇక్కడ కొందరు మిత్రులకు ఒక అనుమానం వస్తుందని నాకు తెలుసు. ఈవిడ వంతెనలు వద్దంటోందా అని. లేదు. నేను వంతెనలు కావాలనే మనిషిని. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి గారి పేరు మీద ఉన్న వంతెన కాకినాడ ఆసుపత్రికి దారి ఎంత దగ్గర చేసిందో, ఎన్ని కాన్పులు గండం దాటాయో ఆ పక్క ఊళ్లవాళ్లను అడగండి. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లల నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. ఆ ఏడాది మన బడులలో పిల్లల హాజరు పిలుస్తుంటే నాకు గొంతు పెగలలేదు. మరుసటి సంవత్సరమే ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. లైఫ్ జాకెట్టు లేకుండా, లెక్కకు మించి మనుషులను ఎక్కించుకొని పడవ నడపడాన్ని పాతకాలపు అందమని పొగిడే మనిషిని కాను. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య వంతెన కోసం దశాబ్దాలుగా అడుగుతున్నవారి పక్షాన నేనూ ఉన్నాను. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలు మార్గాన్ని యుద్ధ కాలంలో, 1940లో, పీకేశారు. మళ్లీ 2004 నాటికి గాని పట్టాలు పడలేదు. ఒకే పెట్టెతో ఆ దారిన నడిచిన రైలుబస్సును నేను ఎంతో ఇష్టంగా ఎక్కేదాన్ని. గేటు దగ్గర బండి ఆగితే అందులోని మనిషే దిగి గేటు వేసి, బండి దాటాక గేటు తెరిచి మళ్లీ ఎక్కేవాడు. ఆ రైలు గౌతమి దాటి, వైనతేయ దాటి, వసిష్ఠ దాటి నరసాపురం చేరాలన్నది కోనసీమ కోరిక. నా కోరిక కూడా.

కానీ వంతెన వచ్చేదాకా మనిషి ఎక్కడ కూర్చోవాలి? వంతెన వచ్చాక దాని కొసన బస్సు కోసం ఎక్కడ నిలబడాలి? నా బాధంతా ఇదే.

ఒక రేవు సంగతి చెబుతాను. పేరు చెప్పను. అక్కడ ఒక రేకుల షెడ్డు ఉండేది. చుట్టూ సిమెంటు అరుగు, మధ్యలో కుండలు పెట్టే గట్టు. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఎవరో పుణ్యాత్ములు కట్టించారు. వాహనాల వరుసకు చోటు చాలడం లేదని ఒక వేసవిలో దాన్ని తీసేశారు. పక్కనే కొత్తది కడతామన్నారు. కట్టలేదు. నేను సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాను. మళ్లీ పెట్టాను. చివరికి ఒక అధికారి నాతో మర్యాదగానే, "అమ్మా, ఇక్కడ వంతెన మంజూరవుతోంది, ఇంకా షెడ్డు దేనికి?" అన్నారు. ఆ మాట అన్నాక పిల్లలు హైస్కూలు చదువులు పూర్తి చేసి వెళ్లిపోయారు. వంతెన రాలేదు, షెడ్డూ రాలేదు. వస్తుందన్న వంతెన పేరు చెప్పి ఉన్న నీడ తీసేయడం ఏ లెక్కన న్యాయమో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఆ షెడ్డు తీసేసిన తరువాత ఒక మిట్టమధ్యాహ్నం ఆ రేవు దగ్గర నేను చూసినది మీకు చెప్పాలి. బాలింత ఒకతె, నెలల బిడ్డతో, పుట్టింటి నుంచి వస్తోంది. రోహిణి ఎండ. పంటు అవతలి ఒడ్డున ఉంది. ఇసుక లారీ ఒకటి ఆగి ఉంటే, ఆ పిల్ల దాని చక్రాల పక్కన రెండడుగుల నీడలో చతికిలబడి, కొంగు కప్పుకొని బిడ్డకు పాలిస్తోంది. తల్లి గొడుగు పట్టుకొని అడ్డంగా నిలబడింది. లారీ డ్రైవరు వచ్చి, బండి తీయాలి, లేవమన్నాడు. బిడ్డను చూసి ఏమీ అనలేక దూరంగా వెళ్లి నిలబడ్డాడు. ఆ డ్రైవరు చూపిన మర్యాద గొప్పదే. కానీ ఒక ఆడకూతురు పాలివ్వడానికి పరాయి బండి చక్రం నీడన కూర్చోవలసి రావడం మనందరికీ అవమానం. సభలో ఉన్న అక్కచెల్లెళ్లారా, రేవు దగ్గర గంటసేపు ఆగవలసి వస్తుందని తెలిసి ఇంటి దగ్గరే మంచినీళ్లు తాగడం మానేసి బయలుదేరిన రోజులు మీకు లేవా? నాకు ఉన్నాయి. నాతో దాటిన ప్రతి ఉపాధ్యాయురాలికీ ఉన్నాయి. మగవాళ్లు ఈ సంగతి మా నోట వినడం ఇదే మొదటిసారి కావచ్చు. వినండి.

మన పండుగలు చూడండి. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద, అంటే అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాల మీద, వచ్చి కొలువు తీరతారు. గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలువ నీళ్లలోంచి భుజాల మీద మోసుకొస్తుంటే చూడడానికి జనం గట్లు విరిగేలా నిలబడతారు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే అప్పటికే వచ్చి ఉన్న ప్రభలన్నింటినీ ఒక్కసారి పైకెత్తి గౌరవిస్తారు. వచ్చేవాడి కోసం వేచి ఉండడం, వచ్చినవాడికి చోటివ్వడం మన దేవుళ్లకు కూడా నేర్పిన ప్రాంతం ఇది. ఏటా భీష్మైకాదశికి అంతర్వేది వెళ్లే లక్షలాది మంది కోసం చలువ పందిళ్లు, మజ్జిగ, మంచినీళ్లు పెట్టే చేతులు మన ఊళ్లలోనే ఉన్నాయి. ఆ చేతులనే మామూలు మంగళవారం నాడు కూడా రేవు వైపు చాచమని అడుగుతున్నాను.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రెండు పనులు చెప్పి విరమిస్తాను.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఊరూరా ఘాట్ల మరమ్మతులకు, మెట్లకు, దీపాలకు అంచనాలు వేస్తారు. పన్నెండు రోజుల స్నానాలకు కట్టేవాటితో పాటు, పన్నెండేళ్లు ఉండేలా ప్రతి రేవులోనూ ఒక నీడ, కూర్చోవడానికి అరుగు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, రాత్రి పంటుకు దీపం ఆ అంచనాలలోనే చేర్చమని అడుగుదాం. అంచనాలు పూర్తయ్యాక అడిగితే నిధులు లేవంటారు కనుక ఇప్పుడే అడగాలి.

రెండోది రేవు పాట, అంటే రేవు నడిపే హక్కుకు పెట్టే వేలం. పాట పెట్టేటప్పుడు పాటదారుకు షరతులు రాస్తారు. ఎంత మందిని ఎక్కించాలి, ఎంత తీసుకోవాలి, లైఫ్ జాకెట్లు ఎన్ని ఉండాలి అన్నవాటి పక్కన ప్రయాణికులు కూర్చునే చోటు, మంచినీళ్లు కూడా ఒక షరతుగా రాయించాలి. పాటదారు మీద నాకు కోపం లేదు. షరతులో లేనిది అతను చేయడు, ఉన్నది చేయక తప్పదు. దీనికి పంచాయతీ తీర్మానాలు బలమిస్తాయి. వేదిక మీద ఉన్న ప్రజాప్రతినిధులను వచ్చే సమావేశంలోనే ఆ తీర్మానం పెట్టించమని సభాముఖంగా కోరుతున్నాను. గ్రంథాలయాధికారి గారు కూడా ఒక మాట ఇచ్చారు: రేవు దగ్గర నీడ ఏర్పడిన రోజున అక్కడికి రోజూ ఒక పేపరు, ఒక పెట్టెడు పాత పుస్తకాలు పంపుతామన్నారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయించవలసిందిగా వారిని అభ్యర్థిస్తున్నాను.

రెండు అర్జీలూ సిద్ధం చేసి తెచ్చాను. బయట పేపర్లు చదివే బల్ల మీద ఉన్నాయి, పెన్నులు కూడా అక్కడే పెట్టాను. ఊరు పేరు, రోజూ దాటే రేవు పేరు స్పష్టంగా రాసి సంతకం చేయండి. సంతకం రానివారి కోసం స్టాంపు ప్యాడ్ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు సంతకం బదులు, రేవు దగ్గర ఎన్నింటికి ఎంతసేపు నిలబడుతున్నారో వేరే కాగితం మీద రాసివ్వండి. దాన్ని అర్జీకి జతచేస్తాను. సోమవారం ఉదయం నేనే స్వయంగా తీసుకెళ్తాను. నాతో రాగలవారు ఎనిమిది గంటల పంటుకు రేవు దగ్గర కలవండి. సెలవు, నమస్కారం.